పాతదే చాలన్నారు

ముందే చెప్పేస్తున్నాను. పాత కెమెరాయే గొప్పదనీ, కొత్తవన్నీ ఆర్భాటమేననీ చెప్పడానికి ఇది రాయడం లేదు. అలాంటివి చదివి మురిసిపోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మా స్టూడియోలో రెండు మిర్రర్‌లెస్ కెమెరాలున్నాయి. పాత చిన్నది నా మెడలో ఉండేది. కొత్త పెద్దది మా బావ మెడలో ఉండేది. ఆ కొత్తది నా చేతికి రావాలనుకున్నాను. జరిగిందంతా ఆ ఒక్క కోరిక వల్లే.

స్టూడియో గాజువాకలో ఉంది. మా అక్క మొగుడిది. బావ ఫొటోలు తీస్తాడు, అక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని ఆల్బమ్‌లు తయారు చేస్తుంది, నేను సెకండ్ కెమెరా. పెళ్ళిళ్ళలో మా మధ్య కూడా ఎక్కువ తక్కువలుంటాయి. మండపం ఎదురుగా నడిమధ్యన నిలబడేది మెయిన్ కెమెరా. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ ఆ కెమెరావే. సెకండ్ కెమెరా పెళ్ళికూతురికి జడ వేసే గదిలోనూ, చదివింపుల దగ్గరా, భోజనాల దగ్గరా తిరుగుతుంది. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న పెద్దమనిషి ముందు కెమెరా ఎత్తితే ఆయన ఎలా చూస్తాడో నన్నడగండి. ఏళ్ళ తరబడి ఆ చూపులు నేనే భరించాను.

ఆడపిల్లవి కాబట్టి పెళ్ళికూతురి గదిలోకి నువ్వే వెళ్ళాలి అనేవాడు బావ. సరే, ఒప్పుకుంటాను. జడ అయిపోయాక కూడా నన్ను మండపం దగ్గరికి రానివ్వకపోవడానికి మాత్రం కారణం చెప్పేవాడు కాదు.

రెండు కెమెరాల తేడా చెప్తాను, వినండి. నాది ఆ కంపెనీ చేసినవాటిలో అన్నిటికన్నా చిన్న రకం. కన్ను ఆనించి చూడ్డానికేమీ లేదు, వెనకున్న స్క్రీన్ చూసే తీయాలి. ఎండలో ఆ స్క్రీన్ మీద పెళ్ళివాళ్ళ బదులు నా మొహం కనిపిస్తుంది. మా ఊరి సముద్రపు గాలికి, పట్టుకునే చోట రబ్బరు ఉబ్బి ఊడొచ్చేస్తే గమ్ పెట్టి అతికించాను. బ్యాటరీ పెళ్ళి సగంలో ఉండగా చచ్చిపోతుంది. మెమరీ కార్డు ఒక్కటే పడుతుంది, అది పాడైతే ఇక పెళ్ళి జరగనట్టే. వెలుతురు తగ్గిందంటే ఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం గూడంతా తడుముకునే మనిషిలా.

కొత్తది అలా కాదు. మనిషి కన్ను కనిపిస్తే చాలు పట్టేసుకుంటుంది. తల తిప్పినా, మధ్యలో ఎవరో చెయ్యి అడ్డం పెట్టినా వదలదు. మసక వెలుతురులో కూడా చర్మం చర్మంలాగే వస్తుంది. ఒకేసారి రెండు కార్డుల్లోకి ఎక్కించుకుంటుంది. కావాలంటే చప్పుడే లేకుండా తీస్తుంది. బావ టీకి వెళ్ళినప్పుడు ఒకసారి తీసుకుని కంప్యూటర్ ముందున్న అక్కని తీశాను. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. కింద పెట్టబుద్ధి కాలేదు. అసూయ అంటే అసూయే, దాచుకోను.

దాన్ని కొన్న వారమే బావ, మా ఊళ్ళో కొత్త బండి కొన్నవాళ్ళందరూ వెళ్ళే వినాయకుడి గుడికి పట్టుకెళ్ళి పూజ చేయించాడు. నిమ్మకాయ దేని కింద పెట్టాలో తెలియక పూజారిగారు కాసేపు ఆలోచించారని అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. బొట్టు మాత్రం దర్జాగా పెట్టించుకొచ్చాడు. నా కెమెరా రబ్బరు గతి చూసినవాడు కదా, సముద్రపు ఉప్పుగాలన్నా పోర్టు నల్లదుమ్మన్నా బావకి ప్రాణం మీదికొచ్చినంత భయం. అందుకని కొత్తదానికి బయటి గాలే తగలనిచ్చేవాడు కాదు. పెళ్ళికి తీసుకెళ్ళినా ఆఖరి నిమిషం దాకా కారులో ఏసీ వేసి అందులోనే ఉంచేవాడు. సముద్రం పక్కన బతికేవాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు అది. నేను చెప్పాను. విన్నాడా?

తగరపువలస దాటాక, భీమిలి వైపు సముద్రం ఒడ్డున ఒక పెళ్ళి ఒప్పుకున్నాం. పొద్దుటి ముహూర్తం. గడ్డి మీద వేసిన మండపం, చెమట కారిపోయే ఉక్క. పెళ్ళికొడుక్కి స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, పెళ్ళికూతురు గాజువాక పిల్లే. జీలకర్రా బెల్లం వేళయింది. అడ్డుతెర పట్టుకున్నారు. బావ పరుగున వెళ్ళి చల్లగా ఉన్న కెమెరాని కారులోంచి తెచ్చి మండపం ఎదురుగా నిలబడ్డాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు లెన్సుకి తెల్లగా చెమ్మ పట్టేసింది. తుడిచాడు. మళ్ళీ పట్టింది.

"ఏటిది! తుడస్తంటే మళ్ళీ వొచ్చెత్తందేటి!" అని బావ కేకలు.

పెళ్ళికూతుర్ని గదిలోంచి తీసుకొచ్చిన పేరంటాళ్ళ మధ్య, నేను ఆమెకి ఒక పక్కగా ఉన్నాను. పాతది పొద్దుట్నుంచీ నా మెడలోనే ఉంది, నాతోపాటే చెమటలు కక్కుతోంది. దానికి చలీ లేదు, చెమ్మా లేదు. తెర దించేశారు. నేను ముందుకి వంగాను. ఆ పిల్ల తల దించుకోలేదు. పెళ్ళికొడుకు మొహంలోకి సూటిగా చూసి, నువ్వేనా అన్నట్టు ఒక్క కనుబొమ ఎగరేసింది. అతనేమో తల మీది బెల్లం చెవి పక్కకి జారుతున్నా తెలియకుండా నిలువునా సిగ్గుపడిపోయాడు. నొక్కాను. ఆ క్షణం ఉన్న ఫొటో అదొక్కటే.

ఫొటోలు ఎంచుకోవడానికి ఆ పెళ్ళికూతురి తల్లీ తండ్రీ స్టూడియోకి వచ్చారు. స్క్రీన్ మీద అది రాగానే తల్లి చెయ్యి పెట్టి ఆపేసింది.

"ఓలమ్మా, అచ్చం మా పిల్లే! ఇదెవులు తీసేరు బాబూ?"

"మా స్టూడియోయేనమ్మా," అన్నాడు బావ. నేను పక్కనే ఉన్నాను.

ఆమె భర్త ఏ కెమెరా అని అడిగాడు. కొత్తదానికి చెమ్మ పట్టిన సంగతి మండపంలో అందరూ చూసిందే కాబట్టి, పాతదని చెప్పక తప్పలేదు. ఆయన సంబరపడిపోయాడు. "కెమెరాలో ఏటుందండీ, చెయ్యి మంచిదైతే సాలు. కాదేటి?"

వాళ్ళు వెళ్ళగానే బావ ఆ మాట అందుకున్నాడు. "ఇన్నావా గుంటా? నీకు పాతదే కలిసొచ్చింది. ఇంక కొత్తది నీకెందుకు సెప్పు!"

మెచ్చుకోలు మొహాన కొట్టినట్టు తగలడం నాకు ఆ రోజే తెలిసింది. కెమెరాలో ఏముందని అనేవాళ్ళంతా మంచి కెమెరాలు తమ దగ్గరుంచుకునే అంటారు. వంట బాగా చేస్తుంది కదా అని ఒక మనిషిని ఎప్పటికీ కట్టెల పొయ్యి దగ్గరే కూర్చోబెట్టి, గ్యాసు పొయ్యి ఇంకొకరికి ఇచ్చినట్టుంది ఇది. నా చెయ్యి మంచిదైతే ఆ చేతిలో మంచిదే పెట్టండి! చేతకానివాళ్ళకి కొత్తది అవసరమనీ, చేతనైనవాళ్ళకి పాతది చాలనీ ఏ లోకంలో లెక్క?

అంతటితో అయిపోలేదు. ఆ తల్లి ఆ ఫొటోని ఆల్బమ్ మధ్యలో రెండు పేజీల నిండా వేయమని అడిగి వెళ్ళింది. అక్క పెద్దది చేసి చూసింది. పెళ్ళికూతురి చెంప మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకు. ఇంకా పెద్దది చేసింది. ఫోకస్ కంటి మీద లేదు, చెవి జుంకా మీద ఉంది. చిన్నగా చూస్తే తెలియదు, పెద్దదయ్యేసరికి బయటపడింది. ఆ చిన్న కెమెరా ఇవ్వగలిగింది అంతే, దాన్ని తిట్టను. అక్క ఎంత తంటాలు పడ్డా లాభం లేకపోయింది. నా జన్మలో తీసినవాటన్నిట్లో మంచి ఫొటో చివరికి అరచేతంత అచ్చయి ఒక మూల కూర్చుంది. రెండు పేజీల్లో అప్పగింతలు వేశారు. బాత్‌రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం మిగిలింది. ఆ కోపం మంచిదే.

తర్వాత ఒప్పుకున్న పెళ్ళి మల్కాపురం చర్చిలో. మర్నాడు బావతో అన్నాను. "మల్కాపురం సర్చి పెళ్ళికి మెయిన్ కెమెరా నాను పడతాను. కొత్తది నాకియ్యి."

బావ పకపకా నవ్వాడు. "పడుదువుగానిలే. ముందు బోజనాలకాడ సూసుకో."

అక్క కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అంది, "కెమెరాల బీరువా తాళం ఎక్కడుంటాదో నీకు తెల్దేటే?" బావ అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు.

పెళ్ళి రోజు పొద్దున్నే నేనే ముందు స్టూడియోకి వచ్చి బీరువా తీశాను. కొత్తదాన్నీ పాతదాన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. పూజలందుకున్న కెమెరా, కూరగాయల బుట్టకీ ఒకావిడ మోకాళ్ళకీ మధ్య, నా ఒళ్ళో కూర్చుని మల్కాపురం చేరింది. దారంతా మా ఊరి గాలి దానికి హాయిగా తగిలింది. చర్చి దగ్గర దిగి, మెడలో వేసుకుని చూసుకుంటే లెన్సు మీద చుక్క చెమ్మ లేదు.

కాసేపటికి బావ కారు వచ్చింది. దిగుతూనే నా మెడ వైపు చూశాడు.

"ఏటిది? అడక్కండా అట్టుకొచ్చెత్తావా?"

"అడిగేను కదా బావా. నవ్వీసేవు."

"ఇలాగియ్యి. లోపల సీకటిగా ఉంది, ప్లాషు కొట్టొద్దన్నారు పాస్టరుగారు. సప్పుడు కూడా వొద్దన్నారు."

"అందుకే ఇవ్వను."

చుట్టాలు వింటున్నారు. బావ గొంతు తగ్గించాడు. సంచిలోంచి పాతది తీసి బావ మెడలో వేశాను. మెడలో వేస్తుంటే వెనక్కి జరగలేదు, నమ్మలేకపోయాడనుకుంటాను. "బ్యాటరీ తొందరగా అయిపోద్ది. ఇంకోటి జేబులో ఎట్టుకో," అని చెప్పి లోపలికి నడిచాను.

లోపల నడిమధ్యన నిలబడ్డాను. ట్యూబులైట్ల వెలుతురు, పైన ఫ్యాన్లు. పెళ్ళికూతురు ప్రమాణం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. ముందు వరసలో కూర్చున్న వాళ్ళమ్మ శబ్దం లేకుండా పెదవులు కదిపి తర్వాతి మాట అందించింది. పిల్ల కళ్ళు నీళ్ళతో అటు తిరిగాయి. కెమెరా ఆ కన్నుని పట్టుకుంది, వదల్లేదు. తీశాను. ఎవరికీ ఏమీ వినబడలేదు.

ఆ పెళ్ళివాళ్ళు ఫొటోలు చూడ్డానికి వచ్చినప్పుడు బావ ఎప్పటిలాగే నిలబడి ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. ఆ ఫొటో వచ్చింది. ఆ తల్లి చాలాసేపు చూసి, కొంగు కళ్ళకి ఒత్తుకుని, "ఇది ఎవురు తీసేరండీ?" అంది.

"మా స్టూ..." అన్నాడు బావ.

"నాను తీసేనమ్మా," అన్నాను, ఆ మాటకి అడ్డం పడి. "కొత్త కెమెరాతో."

బావ తర్వాతి ఫొటోకి వెళ్ళిపోయాడు. అక్క అప్పటికే ఆల్బమ్ మధ్యలో రెండు పేజీలు ఖాళీగా ఉంచింది.