లారీ ఎక్కని పిల్లల శోభ బాయి

నిన్న పొద్దున చెల్లి ఫోన్ చేసి "అక్కా, శోభ బాయి ఇగ లేదే" అంది.

"నోరు మూయ్! మొన్న సాయంత్రమే నేను బీపీ గోలీలు ఇచ్చి అచ్చిన" అని దాని మీద అరిచాను.

నిద్రలోనే పోయారట. తెల్లారినా తలుపు తియ్యలేదని పక్కింటామె వెళ్లి చూసిందట.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. ఫోన్‌లో ఆమె వాయిస్ మెసేజ్ అలాగే ఉంది. వినే ధైర్యం లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. మా ఊరు మహారాష్ట్రలో, భోకర్ దగ్గర. ఇంట్లో తెలుగు, జిల్లా పరిషత్ స్కూల్లో మరాఠీ. టీచరమ్మను మేం బాయి అంటాం.

రోజూ ప్రార్థన అయ్యాక ఒకరు పేపర్ చూసి మరాఠీలో వార్తలు చదవాలి. అన్ని స్కూళ్లలో ఉండేదే. శోభ బాయి దానికి ఇంకొకటి కలిపారు. పేపర్ వార్తలు అయిపోగానే, ఎవరింటి వార్త వాళ్లు తెలుగులో చెప్పాలి.

"మా బర్రె ఈనింది."

"మా అక్కకు ఫస్ట్ నంబర్ అచ్చింది."

"రాత్రి మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే."

ఏ వార్తకైనా చప్పట్లు కొట్టాలి. పొయ్యి ముట్టించని ఇంటి పిల్లకు కూడా చప్పట్లే!

తర్వాత బాయి ఆ పిల్లను ఏదో పని ఉందని పక్కకు పిలిచి, తన డబ్బాలోంచి తినిపించేవారు. అలా మా ఇళ్లలోకి రాకుండానే మా ఇళ్లన్నీ చూసేవారు.

నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు, చెల్లి ఇంకా పుట్టకముందు, దసరా అయిపోగానే, ఒకరోజు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"రేపు మేం లారీల చెర్కు కొయ్యనీకి పోతున్నం! నేను డ్రైవర్ పక్కన కూసుంట!"

మా ఊళ్లో దసరా తర్వాత సగం ఇళ్లకు తాళాలే. చెరుకు ఫ్యాక్టరీల వైపు పోతే ఎండాకాలానికి గానీ రారు. వెంట పోయిన పిల్లల్లో మళ్లీ బడి ముఖం చూసేవాళ్లు తక్కువ. ఇవన్నీ నాకేం తెలుసు? లారీ ఎక్కుతానని ఖుషీ, అంతే.

అందరూ చప్పట్లు కొట్టారు. బాయి ఒక్కరే కొట్టలేదు.

సాయంత్రం మా ఇంటికి వచ్చారు. నాన్న మూటలు కడుతున్నాడు.

"ఆడపిల్లను ఏడ ఇడ్శిపెట్టి పోవాలె బాయీ? ముసలోళ్లు సుత లేరు ఇంట్ల" అన్నాడు.

"నా తాన ఇడ్శిపో తమ్మీ. నేను తిన్నదే తింటది, నేను పన్నకాడనే పంటది."

"మీకెందుకీ తిప్పలు?"

"తిప్పలు నాయి గదా, నీకేమాయె? నువ్వు పోయి చెర్కు కొయ్యి."

అమ్మ నా బట్టలు మూటలోంచి తీసి వేరే సంచిలో పెట్టింది. నేను మాత్రం లారీ పోయిందని పొర్లి పొర్లి ఏడ్చాను.

ఆ చలికాలం నాకిప్పటికీ కలలాగే ఉంటుంది.

పొద్దున కళ్లు తెరిస్తే కిటికీ నిండా మంచు. పత్తి చేలు కనిపించేవి కావు, తెల్లగా ఏదో ఉన్నట్టు అనిపించేది. రేడియో చిన్నగా మోగుతుండేది. బాయి నా తలకు నూనె రాస్తూ ఎక్కాలు చెప్పించేవారు. ఎక్కాలు మరాఠీలో, నడుమ నడుమ తిట్లు తెలుగులో. ఆ చేతుల వెచ్చదనానికి మళ్లీ కళ్లు మూతలు పడేవి. కొంచెంసేపు అమ్మ దగ్గరే ఉన్నాననుకునేదాన్ని.

వంట మాత్రం... దేవుడా! బాయి చేసిన పప్పు తిన్నవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి, ఉప్పు దొరికిందా?

ఆదివారం ముకాదం ఫోన్‌కు కలిపేవారు. ముకాదం అంటే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ. "ఏడుపు కాదు, అమ్మకు వార్త చెప్పు" అనేవారు. ఓసారి ఉరుకుడు పందెంలో ఫస్ట్ వచ్చానని చెప్పాను. అటువైపు స్పీకర్ పెట్టారేమో, చెరుకు తోటలో ఆడవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. నడుమ అమ్మ గొంతు వినపడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

నేను చదువు ఆపలేదు. ఈరోజు భోకర్‌లో మెడికల్ షాపు నడుపుతున్నానంటే అక్కడి నుంచే.

నా తర్వాత ప్రతి సీజన్‌కు ఎవరో ఒకరి పిల్లలు బాయి ఇంట్లో ఉన్నారు. రిటైర్ అయ్యాక కూడా. ఈసారి ఒక అక్కాతమ్ముడు ఉండాలి. వాళ్ల సంచులు మొన్ననే బాయి ఇంటికి చేరాయి.

నిన్న మధ్యాహ్నం దహనం అయిపోయింది. రాత్రి నేను ఊళ్లో అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఈరోజు పొద్దున్నే లారీ వచ్చింది.

ఆ పిల్లల తల్లి సంచులు మళ్లీ తెచ్చుకుని, ఇద్దరినీ పైకి ఎక్కించింది. నేనింకా చెప్పులు వెతుక్కుంటున్నా. మా అమ్మ అప్పటికే వీధిలో ఉంది. మోకాళ్లు పట్టేసి బాత్‌రూమ్‌కు కూడా గోడ పట్టుకుని నడిచే మా అమ్మ!

"బాయి లేదు గదా అత్తా, ఇగ ఎవలు సూస్తరు?" అంది ఆ తల్లి.

"నేను సచ్చిన్నా? దింపు పోరగాండ్లను!"

డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. అమ్మ లారీ తలుపు పట్టుకుని వదల్లేదు. చివరికి పిల్లోణ్ణి తనే చంకనెత్తుకుని దింపింది. అక్క వెనకే దూకింది.

లారీ మలుపు తిరిగేదాకా వాళ్లమ్మ వెనక్కే చూస్తూ ఉంది. ఇంటికొచ్చి అమ్మ గడపలో కూలబడింది. "గా పొద్దు నేను గట్లనే సూసుకుంట పోయిన బిడ్డా" అంది. ఇన్నేళ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరం కలిసి ఏడ్చాం.

ఆ పిల్ల వచ్చి మా కొంగులు పట్టుకుని "మాకు బడి టైమ్ అయితున్నది" అంది.

పిల్లలు తిన్నారు బాయీ. బడికి పోయారు.

మీరిక నిమ్మళంగా పడుకోండి. 🙏