నిమ్మగడ్డి వాసన క్రీము

మా తోడికోడలు భిలాయ్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు కంటే హిందీయే గడగడా మాట్లాడుతుంది. ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే క్రీములు చెయ్యడం మొదలెట్టాక, రుఆబాంధా సెక్టార్లో మా వీధి ఆడాళ్లంతా తన చుట్టూ చేరారు. నాకూ ఓ సీసా ఇచ్చింది. మూత తియ్యగానే గదంతా నిమ్మగడ్డి వాసన.

"పూరా నేచురల్ అక్కా. కెమికల్ అన్నదే లేదు" అంది.

కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత బుగ్గల మీద, మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఒకటే దురద. మా ఆయన స్టీలు ప్లాంటు నుంచి వచ్చి చూసి, "మొహానికేటైందే? వేడి చేసినట్టుంది, మజ్జిగ తాగు" అన్నారు. వేడి కాదని నాకు తెలుసు. క్రీము మానేస్తే తగ్గేవి, రాస్తే మళ్లీ లేచేవి.

అప్పట్నుంచి నా అనుమానమంతా తోడికోడలి మీదే. తెల్లబడ్డానికని సుపేలా బజార్లో దొరికే పేరూ ఊరూ లేని మందేదైనా కలుపుతోందా? నా ఒక్కదానికే వేరేగా చేసిచ్చిందా? అసలు తను రాసుకుంటోందా? ఇంటికొచ్చినప్పుడల్లా మాటల మధ్యలో తన బుగ్గల వైపే చూసేదాన్ని. నున్నగా ఉండేవి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఓ మధ్యాహ్నం టీకని వాళ్లింటికెళ్లాను. తను ఆరిన బట్టలు తేవడానికి మేడెక్కగానే వంటింట్లోకి దూరాను. అలమారలో కొబ్బరినూనె, తేనెమైనం. కిటికీ గట్టు మీద, ఎండ పడేచోట, చిన్న చిన్న నూనె సీసాలు. ఒక్కోటీ మూత తీసి వాసన చూస్తున్నాను.

"ఏటి ఎతుకుతున్నావక్కా?"

గుమ్మంలో బట్టల కుప్పతో తను.

"నా మొహం చూస్తున్నావు కదా. దీంట్లో ఏటి కలుపుతున్నావో చెప్పు" అన్నాను.

తన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా మీద శక్ చేస్తున్నావా? అంత అనుమానమా?" అంటూ బట్టలు కుర్చీలో పడేసి, అలమారలోని క్రీము వేలితో తీసి మొహమంతా పులుముకుంది. "సూడు. సూస్తానే ఉండు."

నేను నిజంగానే చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. తనకేమీ కాలేదు.

ఇక లాభం లేదని చర్మం డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. ఏది పడదో చూద్దామని, రకరకాల వాసన నూనెలు ఒక్కోటీ కొంచెం పట్టీల మీద వేసి నా వీపుకి అంటించింది. తడపొద్దని చెప్పి పంపించింది. మళ్లీ వెళ్లినప్పుడు తీసి చూస్తే, నిమ్మగడ్డి నూనె వేసినచోట ఎర్రగా పొంగింది.

"అయితే మా తోడికోడలిది కల్తీ నూనే కదండీ?" అన్నాను.

"నేను వేసింది అసలైనదేనమ్మా. మీ ఒంటికి ఆ నూనే పడదు. చెట్టు నుంచి తీసిందైతే ఏమీ చెయ్యదని ఎవరన్నారు? సీసా ఎండలో పెట్టి, మాటిమాటికీ మూత తీస్తే ఆ నూనె చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. మీ వాళ్లకి పడొచ్చు, మీకు పడదు."

వాళ్లింటికెళ్లి చెబితే తోడికోడలు నమ్మలేదు. "డాక్టర్లు అలాగే అంటారు, తమ క్రీములు చీటీలో రాయడానికి" అంది. వెనక్కి తిరిగి వీపు చూపించాను. పొంగినచోట తన చల్లటి వేలు తగిలింది.

"దర్ద్ అవుతోందా అక్కా, బాగా నొప్పా?"

ఇప్పుడు వాసన లేని క్రీము కూడా చేస్తోంది. "వాసనే లేకపోతే క్రీమేటి?" అని వీధిలో ఎవరూ తీసుకోవట్లేదు. నాకో సీసా ఇచ్చింది. పడుతుందో లేదోనని రోజూ మోచేతి మడతలో రాసి చూసుకుంటున్నాను. ఇంతవరకూ ఏమీ కాలేదు. మొహానికి మాత్రం ఇంకా రాయలేదు.