విమానం రేకు తాయెత్తు

1956 అనుకుంటాను. బత్తలపల్లె దగ్గర కరువు పనుల్లో ఓవర్సీర్‌ని. ఎండిన బావులను లోతు చేయించడం నా పని. రాతిలో మందు కూరి పేల్చడాన్ని బ్లాస్టింగ్ అంటాం. దానికి ముందు బావిలో పూడికంతా ఎత్తిపోయాలి. అలా ఎత్తుతుంటే మనిషి ఎముకలు బయటపడ్డాయి. నడుము దగ్గర తెల్లటి రేకు తాయెత్తు ఒకటి.

కూలీలు తట్టలు కింద పడేశారు. "ఇది ఓబులేసన్నే సార్. మా పేర్లు మాత్రం చెప్పొద్దు," అన్నాడు మేస్త్రి.

యుద్ధం రోజుల్లో అక్కడి మిట్ట మీద ఒక విమానం కూలిందట. మిలిటరీవాళ్లు వచ్చేలోగా రేకులు పీకి అమ్ముకున్న ముఠాకు నాగన్న పెద్ద. పంపకాల్లో అతనికి ఎదురుతిరిగిన ఓబులేసు ఆ తర్వాత కనిపించలేదు. శవం దొరకలేదు, కేసు తేలలేదు. శవాన్ని చూడందే బొట్టు తీయనని అతని భార్య లింగమ్మ పట్టుపట్టింది.

ఊరివాళ్ల ఎదుట శవం వివరాలు రాసుకునే పంచనామాకు ఎస్సై వచ్చాడు. లింగమ్మ, మీసాలొస్తున్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నాగన్న కూడా వచ్చి బావిగట్టు మీద కూర్చున్నాడు! ఏం చెప్పమంటారు. ఆమె ఔనంటే ఆ కొడుకు గతేం కాను?

"ఏమ్మా, ఇది నీ మొగునిదేనా?" ఎస్సై అడిగాడు.

ఆమె తాయెత్తును చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది. "కాదు సార్. మా ఆయప్పది రాగిది."

"బాగా చూడు."

"చూసినా సార్. ఈయప్ప ఎవురో, పాపం."

విమానం రేకుతో తాయెత్తులు చేయించుకోవడం ఆ ఊళ్లో అప్పట్లో మామూలే. ఎవరిదైనా కావచ్చని ఎస్సై కూడా ఒప్పుకున్నాడు. తాయెత్తు తిరిగివ్వడానికి ఆమె పిడికిలి మాత్రం ఒక పట్టాన విడలేదు. నాగన్న పంచె దులుపుకుని లేచి, "ఇంగ పోదాం పాండి," అన్నాడు అందరితో.

ఎముకలను వంక గట్టున పూడ్పించి, బ్లాస్టింగ్‌కు రంధ్రం వేసిన రాయి ఒకటి గుర్తుగా పెట్టించాను.

చాలా ఏళ్ల తర్వాత లింగమ్మ నన్ను వెతుక్కుంటూ అనంతపురం ఆఫీసుకు వచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు.

"నాగన్న రోగమొచ్చి సచ్చిపోయినాడు సార్. మా ఆయప్పను యాడ పూడ్సినారో చూపీండి."

"ఆరోజే చెప్పి ఉంటే..." నోరు జారాను.

"ఆ పొద్దు చెప్పింటే ఇద్దర్ని పూడ్సాల్సొస్తాండె సార్."

బయట వేపచెట్టు కింద ఆమె కొడుకు చంకలో బిడ్డతో నిలబడి ఉన్నాడు. అప్పటినుంచి, ఎవరైనా నాకు తెలీదంటే నేను రెట్టించి అడగను.