ఆళ్లగడ్డ చర్చిలో మిలిటరీ ప్రొజెక్టరు

నంద్యాలలో ఫిలిప్‌కు నచ్చిన మనిషి లేడు. పాత సినిమా ప్రొజెక్టర్లు బాగుచేసే పనిలో ఈ చుట్టుపక్కల మిగిలింది ఆయనొక్కడే. అరవై ఆరేళ్ల వయసు, అంతకంటే ముదిరిన నోరు. వేరే దిక్కులేక జనం ఓర్చుకుంటారు. హైదరాబాదు నుంచి షోకు రాయుళ్లు కార్లలో మిషన్లు వేసుకొచ్చి, "ఇది మిలిటరీదే కదన్నా?" అని ఆశగా అడుగుతారు. ఈయన మిషన్‌ని వదిలేసి మనిషిని ఎగాదిగా చూస్తాడు.

"ఆకుపచ్చ రంగేసిందంతా మిలిటరీ అయితే మా వీధి చెత్తబండి కూడా మిలిటరీదే. ఎత్తుకపోప్పా."

నిజమైన మిలిటరీ మిషన్‌కు రంగుతో పనిలేదు. మోటారు కింద దిమ్మె మీద బాణం గుర్తు గుద్ది ఉంటుంది. పక్కన నంబరున్న ఇత్తడి ప్లేటు. ఇంకా లోపలికి పోతే, వానదేశాల్లో బూజు పట్టకుండా వైర్ల మీద పూసిన పసుపురంగు వార్నిష్ కనపడాల. ఇవేమీ చూడకుండా లక్షలు పోసి కొనుక్కొచ్చే వాళ్లను చూస్తే ఫిలిప్‌కు నవ్వు కూడా రాదు. ఇక వాళ్లు మిషన్‌కు చేసే సేవలు వింటే ఒళ్లు మండుతుంది. ఒకడు గేర్లకు కొబ్బరినూనె పోసినాడు. ఇంకొకడు నూటపది వోల్టుల మిషన్‌ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి, బల్బు ఢామ్మన్నాక, "పాతది కదన్నా" అని సర్దుకున్నాడు.

"మిషన్ పాతదే. నీ బుర్ర మాత్రం కొత్తది, ఇంకా వాడినట్టు లేవు" అన్నాడు ఫిలిప్.

పోయిన జనవరిలో ఆళ్లగడ్డ నుంచి కృపావతి ఫోన్ చేసింది. రిటైరైన టీచరు, అక్కడి చర్చి కమిటీలో మనిషి.

"అన్నా, స్టోర్ రూము ఖాళీ చేస్తాండాం. ఇనుప పెట్టెలో ఒక సినిమా మిషన్ ఉంది. నువ్వొచ్చి చూడాల."

సంగతేమంటే, పాణ్యానికి చెందిన మాజీ సుబేదారు అజయ్ కుమార్ నంద్యాలలో మాజీ సైనికుల సంఘానికి ఒక గది నింపుతున్నాడు. పాత వైర్‌లెస్ సెట్లు, టోపీలు, గుడారాలు. ఈ ప్రొజెక్టరు నిజంగా సైన్యానిదైతే తీసుకుంటాడు. నెలకొకసారి బొమ్మ ఆడిస్తారు, మిషన్ బాగోగులు ఫిలిప్‌వే. కాదని తేలితే చూసిన రోజు సాయంత్రమే పాత ఇనుము కొనే దేవరాజు టెంపో వేసుకొచ్చి, సుత్తితో పగలగొట్టి అల్యూమినియం పట్టుకుపోతాడు.

"సర్లే, చూస్తా" అన్నాడు ఫిలిప్ విసుగ్గా. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన కాలు నిలవలేదు. ఆయన బాగుచేసినవన్నీ ఇళ్లలో పూలకుండీల పక్కన బొమ్మలై కూర్చున్నాయి. నెలనెలా తిరిగే మిషన్ ఒకటి తన చేతికింద ఉండాలని ఎంత ఆశో, సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు.

అజయ్ కుమార్ ముందర చర్చి వరండాలో పెట్టె తెరిచినారు. మూతకు రబ్బరు పట్టీ, మందపాటి గొళ్లేలు. పెట్టె మిలిటరీదే. మిషన్ బయటికి తీసేసరికి ఫిలిప్ ముఖం మాడిపోయింది. అంతా నల్ల ఎనామిల్ రంగు. ప్లేటు లేదు, స్క్రూ బొక్కల్లో లక్క నింపినారు. బాణం గుర్తు ఉండాల్సిన చోట ఆకురాయితో గీకిన గీతలు. లోపల వైర్లను కిరసనాయిలు పెట్టి తళతళలాడేటట్టు తోమినారు.

"థూ! ఏ దరిద్రుడప్పా ఈ పని చేసింది? వార్నిష్‌ని మురికి అనుకోని తోమినాడు చూడు! వాని చేతికి ఆకురాయి ఇచ్చినోన్ని అనాల ముందు. గొడ్లు కాసుకునేదానికి కూడా పనికిరాడు."

అజయ్ కుమార్ ఓపిగ్గా విన్నాడు. "ఇంతకీ సైన్యానిదేనా, కాదా?"

"సైన్యానిదే. నేను చెప్తాండా కదా."

"మీరు చెప్తే చాలదు పెద్దాయనా. పెట్టె ఒకటి, మిషన్ ఒకటి పెట్టి అమ్మే కాలం. గుర్తన్నా ఉండాల, ఆ గుర్తును కళ్లారా చూసినోడన్నా ఉండాల. ఊరికే నమ్మొద్దని ఊరందరికీ చెప్పేది మీరేనంట కదా."

ఫిలిప్ మిషన్ వైపు తిరిగినాడు. బల్బు చూస్తానన్నట్టు దీపం గూడు మూత తెరిచినాడు. ఆపరేటర్లకు ఒక అలవాటు. బల్బు మార్చినప్పుడల్లా ఆ మూత లోపల మేకుతో తమ పేరూ, తేదీ గీసి పెడతారు. అక్కడ ఒకే ఒక్క పేరుంది. ఫిలిప్, 14-12-81.

నలభై ఏళ్లకు పైగా మరిచేపోయిన పని అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఇరవై రెండేళ్లు. పని నేర్చుకొని ఏడాది కాలేదు. చర్చివాళ్లు ఈ మిషన్‌ని సికింద్రాబాదులో సైన్యం వేలంలో కొని తెచ్చినారు, క్రిస్మస్‌కు బొమ్మ ఆడించాలని. యుద్ధం గుర్తులు దేవుని ఇంట్లో ఎందుకు, తీసెయ్యమన్నారు పెద్దలు. ఈ వరండాలోనే రెండు రోజులు కూర్చొని తీసినాడు. వైర్లు తోమమని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఆయన సొంత తెలివి. ఇత్తడి ప్లేటు పాతసామాన్ల వానికి వేసి కలర్ సోడా తాగినాడు.

ఆ పెద్దలు ఎవరూ లేరిప్పుడు. కృపావతికి తెలియదు. మూత మూసేస్తే అయిపోతుంది.

గేటు దగ్గర దేవరాజు టెంపో ఆగింది. సుత్తి భుజాన వేసుకొని దిగినాడు. అజయ్ కుమార్ గడియారం చూసుకొని లేచినాడు. "సరేమ్మా, పోయొస్తా" అన్నాడు కృపావతితో.

ఫిలిప్ మూత ఇంకా మూయలేదు. చెప్తే రేపటి నుంచి ఆ కొబ్బరినూనె పోసినోడు కూడా తన ముఖం మీదే నవ్వుతాడు. చెప్పకపోతే సుత్తి.

"చూసినోడు ఉన్నాడు సార్" అన్నాడు.

"ఎవరు?"

"నేనే. బాణం చూసినా, ప్లేటు మీద నంబరు చూసినా. ఎందుకంటే గీకిందీ నేనే, పీకిందీ నేనే. ఇదో, నా పేరు. నేను ఇందాక తిట్టిన దరిద్రున్ని నేనే."

కృపావతి తల వంచుకుంది. దేవరాజు మాత్రం కిసుక్కున నవ్వినాడు. అజయ్ కుమార్ ఫోన్ లైటు వేసి మూత లోపల పేరు రెండుసార్లు చదివినాడు. తెల్లకాగితం తెప్పించి, ఏం చూసినాడో, ఏం చేసినాడో ఫిలిప్‌తోనే రాయించి సంతకం తీసుకున్నాడు. తరువాత దేవరాజును పంపించేసి, మిషన్‌ని పెట్టెతో సహా జీపులోకి ఎక్కించినాడు.

ఫిలిప్‌కు ప్రాణం లేచొచ్చింది. "బెల్టులు మార్చాల, లెన్సు విప్పాల. సోమవారం పొద్దున్నే వస్తా సార్."

అజయ్ కుమార్ తాడు బిగిస్తూ తిరిగి చూడకుండానే అన్నాడు. "వద్దు పెద్దాయనా. మీరు మళ్లీ ఏం తోమేస్తారో. వేరే మనిషిని ఎతుక్కుంటాం."

ఫిలిప్ నోరు తెరిచినాడు. జీవితంలో మొదటిసారి తిట్టేదానికి ఎదురుగా మనిషి దొరకలేదు.

"నేనైనా అదే మాట అందును సార్" అన్నాడు. అని, జీపు వెనక తలుపు తానే గట్టిగా వేసినాడు.