మెత్తటి టైర్ల మీద మహబూబ్‌నగర్‌కు

ఖాజా మహబూబ్‌నగర్‌లో చనిపోయాడని తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం జోహర్ నమాజు కాగానే మట్టి చేస్తారట. హాస్టల్లో ఒకే కంచంలో తిన్నవాళ్లం. చివరిసారి మొహం చూడాలి, గుప్పెడు మట్టి వేయాలి. ఆ రోజు నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మాది దేవరకొండ. బస్సుకే పోదామనుకున్నాను. గొర్రెల అంగడి కోసం వారం వారం ఆ దారిన తిరిగే మా బావ యాదగిరి ఒప్పుకోలేదు. "బస్సు ఊరూరు ఆగుతది. నా కార్ల అయితే పదకొండు గంటలకు ఖాజా ఇంటి ముంగట దింపుత" అన్నాడు. నమ్మాను. టిఫిన్ కూడా చేయకుండా ఎనిమిది దాటాక బయలుదేరాం.

ఊరు దాటకముందే పంక్చర్ దుకాణం దగ్గర ఆపి నాలుగు టైర్లలోనూ గాలి దింపించాడు. ఎండాకాలం వస్తే మా వైపు చాలామంది చేసే పని ఇది. రోడ్డు కాలి లోపలి గాలి ఉబ్బుతుందని, టైరు పేలుతుందని భయం.

"బావా, ఎంత గాలి ఉండాల్నో డోరు పక్కన రాసే ఉంది గద. మెత్తగైతేనే టైరు ఇంకా వేడెక్కుతది, పెట్రోలు గూడ ఎక్కువ తాగుతది" అన్నాను.

"ఆ రాసినోడు దేవరకొండ ఎండ చూసిండా?" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ బండి ఆయనది.

డిండిలో చాయ్ తాగాం. అక్కడి నుంచి కారు ఈడ్చుకుంటూ పోతున్నట్టే ఉంది, బావ యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు. కల్వకుర్తి చేరేసరికి పెట్రోలు లైటు వెలిగింది. ఎదురుగా బంకు. పోయించమన్నాను.

"ఎప్పుడు గింత పెట్రోలుతోనే జడ్చర్ల పోత. ఆడ మనకు తెల్సిన బంకున్నది. నువ్వు ఫికర్ చెయ్యకు."

గాలి తీసిన బండికి ఎప్పటి లెక్క పనికిరాదని ఆయనకు తట్టలేదు. చెబితే వినే మనిషీ కాదు.

మిడ్జిల్ దాటాక బండి రెండుసార్లు గుంజి ఆగిపోయింది. చుట్టూ ఎండిన చెలక పొలాలు, నిలబడడానికి నీడ లేదు. మహబూబ్‌నగర్ బస్సు ఒకటి చెయ్యెత్తినా ఆగకుండా పోయింది. చాలాసేపటికి బైకు మీద ఒకాయన ఆగి, బావను వెనక ఎక్కించుకున్నాడు.

"యాడికి పోవాలె అన్నా?" అని నన్నడిగాడు.

"దోస్తు మట్టికి."

"అయ్యో, జల్ది తెస్తం" అంటూ బైకు ఉరికించాడు. అయిదు లీటర్ల పెట్రోలు డబ్బాతో వాళ్లు తిరిగొచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది.

మేం కబ్రస్తాన్ చేరేటప్పటికి జనం బయటికి వస్తున్నారు. ఖాజా వాళ్లన్న గేటు దగ్గర కనిపించాడు. చేతులకు మట్టి ఇంకా అంటుకునే ఉంది.

"తమ్మీ, నువ్వొస్తవని జరసేపు మొహం మూయకుండ ఉంచినం. ఇగ ఆగొద్దన్నరు పెద్దలు" అని నా భుజం పట్టుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. అందరూ వేసి వెళ్లిన మట్టి మీద నేనూ గుప్పెడు వేశాను. బావ తలకు రుమాలు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

తిరుగు దారిలో జడ్చర్లలో పెట్రోలు పోయించాక, నేనే దిగి నాలుగు టైర్లకూ రాసి ఉన్నంత గాలి పట్టించాను. బావ కాదనలేదు. ఈ దారిన వచ్చేవాళ్లకు చెప్పేదేమంటే, రోడ్డు బాగుంటుంది, డిండిలో చాయ్ దొరుకుతుంది. గాలి మాత్రం పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. ఎండకు భయపడి దింపకండి.

దేవరకొండ గుట్ట కనిపించే వేళకు బావ పెట్రోలు ముల్లు చూపించి సంబరపడ్డాడు.

"చూసినవా బామ్మర్ది, ఎంత మిగిలిందో!"

"ఇప్పుడు మిగిలి ఎవల కోసం బావా?" అన్నాను.