పెరట్లో పాతిన గువ్వ

మా వదిన పక్షుల శాస్త్రవేత్త. దీవుల్లోని గుహల్లో దొరికే పాత ఎముకలను బతికున్న పక్షుల ఎముకల పక్కన పెట్టి, ఏ జాతి మిగిలిందో, ఏది అంతరించిందో తేలుస్తుంది. ఎక్కడైనా పిట్ట చచ్చిందంటే చాలు, సంచీ పట్టుకుని బయల్దేరుతుంది. ఐస్‌క్రీమ్ కోసం మా ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే కాకి కాళ్లు తగులుతాయి. మా అన్నయ్య ఎప్పుడో అలవాటు పడిపోయాడు. నాకింకా ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది.

ఒకసారి ఆమె ఓ దీవి నుంచి రెక్క విరిగిన గువ్వపిల్లను అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చింది. మా అమ్మ దాన్ని కంటికి రెప్పలా పెంచింది. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని మా మీద చాడీలన్నీ దానికే చెప్పేది. అది తలాడించేది. "ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే" అని మమ్మల్ని దెప్పేది.

కొన్నేళ్లకు ఆ గువ్వ చనిపోయింది. అప్పుడే వదిన బల్ల మీద, అదే దీవి గుహలో దొరికిన కాలి ఎముక ఒకటి ఉంది. అది ఈ గువ్వ జాతిదా, ఎన్నడో అంతరించిన వేరే జాతిదా? పోల్చి చూద్దామంటే ఏ మ్యూజియంలోనూ ఈ గువ్వ అస్థిపంజరం లేదు. ఉన్న ఒక్కటీ అమ్మ ఒడిలో, తువ్వాలులో ఉంది.

"అడగండి వదినా, నోరున్నదెందుకు?" అన్నాను.

"అత్తయ్య మొహం చూశావా? నేనడగను."

అమ్మకు సంగతంతా తెలుసు. "దీన్ని కొయ్యనివ్వను అమ్మాయ్" అని ముందే చెప్పేసింది. వదినే పెరట్లో గొయ్యి తవ్వి దాన్ని పాతిపెట్టింది. గుహ ఎముకకు 'తేలలేదు' అని చీటీ అంటించి సొరుగులో పడేసింది. నాకు ఒళ్లు మండింది. అంత చదువూ ఒక తువ్వాలు ముందు ఓడిపోవడమేమిటి!

ఏడాది తిరిగాక ఒక ఆదివారం అమ్మ పార తెచ్చి వదిన ముందు పెట్టింది.

"ఈపాటికి మన్ను తన పని చేసేసుంటుంది. ఇక కత్తి పెట్టక్కర్లేదుగా. తవ్వుకో."

"వద్దులెండి అత్తయ్యా."

"నా ఏడుపు నేను ఏడ్చేశానే. తవ్వు."

వదిన మట్టిని జల్లెడ పట్టి, ఎముకలు ఏరి, కడిగి ఆరబెట్టింది. సొరుగులోని గుహ ఎముకను తీసి, రెండు కాలి ఎముకలనూ పక్కపక్కన పెట్టి భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. అమ్మ అక్కడే నిలబడి ఉంది.

"రెండూ ఒకటి కావు అత్తయ్యా. గుహలోది వేరే జాతి. ఇన్నాళ్లూ ఎవరికీ తెలీదు."

నేను చప్పట్లు కొట్టబోయాను.

"అవి ఇప్పుడెక్కడుంటాయి?" అని అడిగింది అమ్మ.

"ఎక్కడా లేవు. ఒక్కటి కూడా మిగల్లేదు."

అమ్మ గుహలో దొరికిన ఆ చిన్న ఎముకను వేలితో మెల్లగా తాకింది. "నాదానికి నేను ఏడ్చాను. వాటిలో చివరిదానికి ఎవరేడ్చారే?"

ఎన్ని చచ్చిన పిట్టల్ని చేతుల్లోకి తీసుకున్నా కన్ను చెమర్చని మా వదిన, భూతద్దం పక్కన పెట్టి, అత్తగారి భుజం మీద తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.