అప్పుడే దించిన అన్నం

అన్నయ్య చివరిగా చేసిన పని, ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి నానబెట్టడం. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను ఆసుపత్రిలో నర్సును, వంట అన్నయ్యది. బీన్సు అన్నీ ఒకే పొడవున తరిగేవాడు. బియ్యంలో వేలు నిలబెట్టి, మొదటి కణుపు దాకా నీళ్ళు పోసేవాడు. పొయ్యి వెలిగించాక కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, అద్దాన్ని మెల్లగా కమ్ముకునే ఆవిరిని కలలో ఉన్నట్టు చూస్తూ ఉండిపోయేవాడు. నా డ్యూటీ ఎప్పుడు ముగుస్తుందో నాకే తెలియదు. అయినా నేను చెప్పులు విప్పేసరికి అన్నం అప్పుడే దిగేది. చెల్లెలు చల్లారిన మెతుకు తినకూడదని అతని పంతం.

"నీకేమైనా దివ్యదృష్టి ఉందా, అన్నయ్యా?"

"నీ పేగుల అరుపు ఊరంతా వినపడుతుంటే దివ్యదృష్టి దేనికే, తిండిపోతు మొహమా!"

అతను పోయిన నెలకు, బస్టాపు దగ్గరి టైలరు నన్ను ఆపాడు. అక్కణ్ణుంచి మా ఇంటికి పావుగంట నడక.

"మీరు బస్సు దిగగానే మీ అన్నయ్యకి ఫోన్ కొట్టేవాణ్ణమ్మా. అప్పుడు పొయ్యి వెలిగించేవారు. పదకొండేళ్ళు! మీకు మాత్రం చెప్పొద్దన్నారు. 'దాని దగ్గర నాకు ఆ కాస్త గొప్పయినా ఉండనీవయ్యా' అనేవారు."